పందికొక్కు నుంచి ‘బ్యాండికూట్’ దాకా: ఒక ఆంగ్ల శాస్త్రపదం వర్ణక్రమం, అర్థం, వ్యుత్పత్తి – పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు నుంచి ఆంగ్లంలోకి వెళ్లిన పదాలు కొద్ది. వాటిలో జంతుశాస్త్ర పరిభాషగా స్థిరపడి, ఒక ప్రజాతి పేరుగా లాటిన్ రూపం కూడా పొందిన పదం ‘బ్యాండికూట్’. దీనికి మూలం తెలుగు ‘పందికొక్కు’. ఈ వ్యాసం ఆ పదం వర్ణక్రమంలో వచ్చిన మార్పులను, భారతదేశం నుంచి ఆస్ట్రేలియాకు సాగిన అర్థపరిణామాన్ని, నిఘంటువులు ఇచ్చిన వ్యుత్పత్తులలోని బలాబలాలను పరిశీలిస్తుంది. ఇదే పదం ‘బ్యాండికూట్’గా తిరిగి తెలుగులోకి వచ్చినప్పుడు అనువాదంలోనూ పాఠ్యరచనలోనూ ఏర్పడే చిక్కును చర్చించి, ఒక ప్రయోగ పద్ధతిని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పందికొక్కు, బ్యాండికూట్, బాండికోటా, ఆదానపదాలు, లోకనిరుక్తి, అర్థపరిణామం, శాస్త్రపరిభాష, అనువాదం.

1. ఉపోద్ఘాతం:

డిగ్రీ తరగతిలో ఆదానప్రదానాల పాఠం చెబుతున్నప్పుడు ఆంగ్లం నుంచి తెలుగులోకి వచ్చిన పదాలను విద్యార్థులు ఆగకుండా చెబుతారు. తెలుగు నుంచి ఆంగ్లంలోకి వెళ్లిన పదం ఒక్కటి చెప్పమంటే తరగతి నిశ్శబ్దమవుతుంది. ఒకసారి అటువంటి నిశ్శబ్దంలో నేను ‘బ్యాండికూట్’ అన్నాను. “సార్, అది వీడియో గేమ్‌లో బొమ్మ పేరు కదా!” అన్నాడు ఒక విద్యార్థి. అతడు చెప్పింది అబద్ధం కాదు. 1996లో వెలువడిన ‘క్రాష్ బ్యాండికూట్’ అనే ఆట ప్రపంచమంతటా ప్రసిద్ధి పొందింది. ఆ విద్యార్థి వరి పండించే ఇంటి నుంచి వచ్చినవాడు. యాసంగి వరి కోతకు వచ్చే వేళ పొలం ఒడ్డుకు బొరియలు పెట్టి, వెన్నులు కొరికి లోపలికి లాక్కుపోయే పందికొక్కును చిన్నప్పటి నుంచి చూసినవాడు. తాను చూసిన జంతువు పేరూ, తాను ఆడిన ఆటలోని పేరూ ఒకటేనని అతనికి తెలియదు. ఆ మాట చెప్పగానే తరగతి మొత్తం నవ్వింది. ఆ నవ్వులో ఆశ్చర్యంతో పాటు కొంత అపనమ్మకం కూడా కనిపించింది. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ అపనమ్మకమే.

‘తెలుగు పదం ఆంగ్లానికెక్కింది’ అని గర్వించి ఊరుకోవడం పరిశోధన అనిపించుకోదు. ఆ పదం ఏ దారిన వెళ్లింది, వెళుతూ ఏమి పోగొట్టుకుంది, ఏమి సంపాదించింది, తిరిగి వచ్చినప్పుడు మనం దాన్ని గుర్తుపడుతున్నామా అన్నవి అసలు ప్రశ్నలు. వాటికి సమాధానాలు వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. మూలపదం – కొక్కు, పందికొక్కు:

‘పందికొక్కు’ రెండు తెలుగు పదాల సమాసం. పూర్వపదం ‘పంది’ ద్రావిడ భాషలలో విస్తృతంగా కనిపించే పదం. తమిళంలో ‘పన్ఱి’, మలయాళంలో ‘పన్ని’, తుళులో ‘పంజి’ దీని జ్ఞాతిపదాలు. కన్నడంలో పదాది పకారం హకారంగా మారడం వల్ల ‘హంది’ అయింది. ఉత్తరపదం ‘కొక్కు’ తెలుగులో స్వతంత్రంగా నిలిచే మాట. ఇంటి ఎలుకకు ‘ఎలుక’ అనీ, ముక్కు కొసదేరి కంపు కొట్టే చిన్న జీవికి ‘చుంచు’ అనీ, పెద్ద ఎలుకకు ‘కొక్కు’ అనీ తెలుగువారు వేరువేరుగా పేర్లు పెట్టుకున్నారు. వినాయకునికి ‘కొక్కుఱౌతు’ అనే పర్యాయపదం ఏర్పడటం ఈ పదానికి సాహిత్యగౌరవం కూడా ఉందని తెలుపుతుంది.

విగ్రహవాక్యం ‘పంది వంటి కొక్కు’. అంటే ఇది ఉపమాన పూర్వపద కర్మధారయం. పోలిక పరిమాణానికి మాత్రమే సంబంధించినది కాదు. ఈ జంతువు ముట్టెతో, కాళ్లతో మన్ను తవ్వుతుంది. తరిమితే పందిలా గురక వంటి ధ్వని చేస్తుంది. వెంట్రుకలు ముతకగా, బిరుసుగా ఉంటాయి. రూపం, ధ్వని, చేష్ట మూడూ ఒక్క ఉపమానంలో ఇమిడాయి. దగ్గరగా చూసినవారు, తరిమి పట్టినవారు పెట్టిన పేరిది. కోస్తా డెల్టాలలో కలుగుల్లోకి పొగ పెట్టి ఎలుకలను పట్టడం వృత్తిగా కలిగిన యానాదులు, పొలం కాపలా కాసే రైతులు, ధాన్యం గరిసెలకు కాపున్న ఇల్లాళ్లు ఇటువంటి పరిశీలనకు హక్కుదారులు.

ఇక్కడ ఆంగ్ల నిఘంటువుల అర్థవివరణపై ఒక విమర్శ అవసరం. దాదాపు అన్నీ ఈ సమాసానికి ‘పిగ్-ర్యాట్’ అని అర్థం చెబుతాయి. అది తప్పు కాదు గాని అసంపూర్ణం. ‘కొక్కు’ ఎలుకకు సామాన్య నామం కాదు. అది అప్పటికే పెద్ద ఎలుక. ‘పంది’ అనే విశేషణం దాన్ని మరింత నిర్దిష్టం చేస్తుంది. ‘పంది-ఎలుక’ అనే వివరణలో తెలుగు పాటించిన ఎలుక–కొక్కు భేదం చెరిగిపోతుంది. సి.పి. బ్రౌన్ 1852లో వెలువరించిన తెలుగు–ఆంగ్ల నిఘంటువులో ‘పందికొక్కు’కు ఇచ్చిన ఆంగ్లార్థం ‘బ్యాండికూట్’. అంటే తెలుగు మాటకు ఆంగ్లంలో అర్థం చెప్పవలసి వచ్చినప్పుడు ఆ నిఘంటుకారుడికి దొరికిన మాట మారువేషంలో ఉన్న అదే తెలుగు మాట. అప్పటికే అది ఆంగ్లంలో అంతగా పాతుకుపోయింది.

3. వ్యుత్పత్తి – సాక్ష్యాల పరీక్ష:

3.1. పొరుగు భాషల సాక్ష్యం:

ఒక పదం ఫలానా భాషదే అని చెప్పడానికి ధ్వనిసామ్యం ఒక్కటే చాలదు. పొరుగు భాషలలో అదే వస్తువుకు ఉన్న పేర్లను కూడా చూడాలి. ఈ జంతువుకు తమిళంలో వాడుక మాట ‘పెరుచ్చాళి’, మలయాళంలో ‘పెరుచ్చాழి’కి సమానమైన రూపం, కన్నడంలో ‘హెగ్గణ’, హిందీలో ‘ఘూస్’. వీటిలో ఏదీ ‘బ్యాండికూట్’కు దారి తీయగలిగినది కాదు. అంతకంటే బలమైన ఆధారం ఉత్తరపదంలో ఉంది. తమిళంలో ‘కొక్కు’ అంటే కొంగ. తెలుగు ‘కొక్కెర’కు అది దగ్గర. తమిళ వ్యవహర్త ‘పంది’, ‘కొక్కు’ అనే రెండు మాటలను కలిపితే వచ్చేది పందికొంగ గాని ఎలుక కాదు. పంది, ఎలుక అనే రెండర్థాలు ఒక్క సమాసంలో సహజంగా కలిసే భాష తెలుగు. కాబట్టి ఈ పదానికి తెలుగే మూలమన్న నిర్ణయం నిఘంటువుల మాట మీద మాత్రమే కాక భాషాంతర్గత సాక్ష్యం మీద కూడా నిలబడుతుంది.

ఈ నిశ్చయం అన్ని పదాలకూ దొరకదు. ‘గోడౌన్’కు తెలుగు ‘గిడ్డంగి’ మూలమని మనం తరచుగా చెప్పుకుంటాం. అయితే ఆ పదం మలయ్ భాషలోని ‘గుదంగ్’ ద్వారా ఆంగ్లంలోకి వచ్చిందని, దాని వెనుక తెలుగో తమిళమో ఉండవచ్చని నిఘంటువులు జాగ్రత్తగా చెబుతాయి. ‘టీక్’ మన ‘టేకు’లా వినిపించినా, దాన్ని పోర్చుగీసు ద్వారా మలయాళం నుంచి వచ్చినదిగా చెబుతారు. వీటి పక్కన పెట్టి చూసినప్పుడు ‘బ్యాండికూట్’ విశిష్టత తెలుస్తుంది.

3.2. హాబ్సన్-జాబ్సన్ సాక్ష్యం:

హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ 1886లో వెలువడింది. ఆంగ్లో-ఇండియన్ పదాలకు ఇది ప్రామాణిక నిఘంటువు. ఇది ‘బ్యాండికూట్’ను తెలుగు ‘పందికొక్కు’కు అపభ్రంశంగా నిర్ణయించి, ఈ పేరు భారతదేశమంతటా వ్యాపించిందని తెలిపింది. బర్నెల్ మద్రాసు రాష్ట్రంలో ఉద్యోగం చేసిన దక్షిణ భారత భాషావేత్త. ఆ నిర్ణయానికి ఇది విలువను పెంచుతుంది. ఈ పదానికి ఆంగ్లంలో తొలి ప్రయోగంగా నిఘంటువులు 1789 సంవత్సరాన్ని చూపుతున్నాయి.

అయితే ఇదే గ్రంథం అత్యుత్సాహానికి కూడా ఉదాహరణగా నిలుస్తుంది. విలియం క్రూక్ సవరించిన 1903 ప్రతిలో, ఆస్ట్రేలియాలోని ప్రసిద్ధ బంగారు గనుల ప్రాంతం ‘బెండిగో’ పేరుకు కూడా ఈ పదమే మూలమన్న మాట చేరింది. అది నిజమైతే ఒక ఆస్ట్రేలియా నగరం పేరులో తెలుగు ఉన్నట్టే. కాని అది నిలవలేదు. అక్కడి ఒక గొర్రెల కాపరికి ‘బెండిగో’ అనే మారుపేరు ఉండేది. అది నాటింగ్‌హామ్‌కు చెందిన ప్రసిద్ధ ముష్టియోధుడు విలియం థాంప్సన్ మారుపేరు. ‘అబెద్నెగో’ అనే బైబిలు నామానికి అది సంక్షిప్తరూపం. కాపరి పేరు వాగుకు, వాగు పేరు ఊరికి వచ్చాయి. ధ్వనిసామ్యాన్ని నమ్ముకుంటే పండితులకైనా పొరపాటు తప్పదని ఇది హెచ్చరిస్తుంది. మన పదానికి దక్కని కీర్తిని వదులుకోవడం, దక్కిన కీర్తిని నిలబెట్టుకోవడానికి తొలి మెట్టు.

4. వర్ణక్రమం – పకారం బకారమైన తీరు:

‘పందికొక్కు’, ‘బ్యాండికూట్’ – ఈ రెండింటినీ ఒకదాని కింద ఒకటి రాసి చూస్తే మార్పులు ఇలా తేలుతాయి.

అ) పదాది ‘ప’ → ‘బ’.
ఆ) దంత్య ‘ద’ → ఆంగ్ల దంతమూలీయ ‘డి’.
ఇ) ‘కొ’లోని హ్రస్వ ఓకారం → దీర్ఘ ఊకారం.
ఈ) ద్విత్వ ‘క్క’ → ‘ట’.
ఉ) పదాంత ఉకారం → లోపం.

చివరిదానికి కారణం సులభం. తెలుగు పదాంత ఉకారం తేలికగా పలికే స్వరం. హల్లుతో ముగిసే పదాలకు అలవాటుపడిన ఆంగ్ల శ్రోతకు అది నిలవదు. దకారం మార్పు కూడా ఊహించదగినదే. ఆంగ్లంలో ద, డ భేదం లేదు. రెండింటికీ ‘డి’ అక్షరమే గతి. చర్చించవలసినవి మిగిలినవి.

పకారం బకారం కావడానికి సాధారణంగా చెప్పే కారణం ఒకటుంది. ఆంగ్లంలో పదాది పకారం కొంత మహాప్రాణంతో పలుకుతుంది. మన అల్పప్రాణ పకారం ఆంగ్లేయుని చెవికి బకారానికి దగ్గరగా వినిపిస్తుంది. ఈ వివరణ శాస్త్రీయమే కాని ఇది ఒక్కటే చాలదు. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రసెల్ 1796లో వెలువరించిన కోరమాండల్ పాముల గ్రంథంలో తెలుగు ‘బంగారు పాము’ను ‘బంగారమ్ పామా’ వంటి రూపంలో నమోదు చేశాడు. ‘పాము’లోని పకారం అక్కడ చెక్కుచెదరలేదు. ‘పాలెగాడు’ ‘పాలిగార్’ అయినప్పుడు కూడా పకారం నిలిచింది. అన్ని పకారాలూ మారకుండా ‘పంది’లోని పకారం మాత్రమే ఎందుకు మారింది?

దీనికి రెండు కారణాలను ప్రతిపాదిస్తున్నాను. మొదటిది ప్రయాణమార్గం. రసెల్ తెలిసినవారిని అడిగి, విని, రాసుకున్న పండితుడు. ‘బ్యాండికూట్’ సిపాయి పటాలాల్లో, ఓడరేవుల్లో, గోదాముల్లో, వంటశాలల్లో నోటి నుంచి నోటికి పాకిన మాట. రాతకు ఎక్కేలోపే అది చాలా నోళ్లలో అరిగింది. రెండవది లోకనిరుక్తి. మద్రాసు ప్రాంతంలోని ప్రతి ఆంగ్లేయునికీ తెలిసిన స్థానిక పదం ‘బ్యాండీ’. అది తెలుగు ‘బండి’, తమిళ ‘వండి’ నుంచి ఆంగ్లో-ఇండియన్ వాడుకలోకి వచ్చింది. ద, డ భేదం లేని చెవికి ‘పంది’, ‘బండి’ల మధ్య మిగిలేది ఒక్క ప–బ తేడా. తెలియని ‘పంది’ తెలిసిన ‘బ్యాండీ’ వైపు జరగడం సహజం. అదే విధంగా ఉత్తరపదం ‘కొక్కు’ ఆంగ్లంలో ముందే ఉన్న ‘కూట్’ అనే నీటిపక్షి పేరు వైపు జరిగి ఉండవచ్చు. అప్పుడు ఓకారం ఊకారం కావడానికీ, ‘క్క’ ‘ట’ కావడానికీ ఒకే సమాధానం దొరుకుతుంది. ఇది అనుమానప్రమాణమే, ప్రత్యక్ష సాక్ష్యం కాదు. కాని ఐదు మార్పులను విడివిడిగా వివరించడం కంటే, తెలియని మాటను తెలిసిన మాటల మూసలో పోసుకునే ఒకే ప్రవృత్తితో వివరించడం ఎక్కువ సమంజసం.

5. శాస్త్రనామం – ‘బాండికోటా’:

పదం వ్యవహారంలో నిలిచాక శాస్త్రం దాన్ని అందుకుంది. జర్మన్ ప్రకృతిశాస్త్రజ్ఞుడు బెక్‌స్టైన్ 1800లో పెద్ద పందికొక్కుకు ‘ఇండికా’ అనే జాతినామం ఇచ్చాడు. అప్పట్లో ఎలుకలన్నింటినీ ‘మస్’ అనే ఒకే ప్రజాతిలో చేర్చేవారు. హార్డ్‌విక్ దీన్ని ‘మస్ జైగాంటియస్’, అంటే మహామూషికం అన్నాడు. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన జాన్ ఎడ్వర్డ్ గ్రే 1873లో దీనికి ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచి ‘బాండికోటా’ అని పేరు పెట్టాడు. నేడు పెద్ద పందికొక్కు ‘బాండికోటా ఇండికా’, చిన్న పందికొక్కు ‘బాండికోటా బెంగాలెన్సిస్’. ఆగ్నేయాసియాలో ఉండే ‘బాండికోటా సవిలియై’ ఈ ప్రజాతిలో మరొకటి.

ఇది సామాన్య విషయం కాదు. శాస్త్రనామాలకు లాటిన్, గ్రీకు ధాతువులే ఆధారమని భావించిన కాలంలో తెలుగు సమాసం ఒకటి లాటిన్ స్త్రీలింగ ప్రత్యయంతో ప్రజాతినామమైంది. దీనికి తోడు చెప్పదగిన పేరు ఇంకొకటుంది. రసెల్ నమోదు చేసిన ‘బంగారు పాము’ ఆధారంగా ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డోడాఁ 1803లో కట్లపాముల ప్రజాతికి ‘బంగారస్’ అని పేరు పెట్టాడు. మన పొలాల్లో తిరిగే రెండు జంతువులు, ఒకటి తినేది, ఒకటి కాటేసేది, తెలుగు పేర్లతోనే ప్రపంచశాస్త్రంలో నమోదయ్యాయి. జంతుశాస్త్రం చదివే మన విద్యార్థులు ఈ రెండు పేర్లనూ లాటిన్ పదాలుగానే కంఠస్థం చేస్తున్నారు.

6. అర్థపరిణామం – ఆస్ట్రేలియాలో కొత్త జన్మ:

పదం ఓడలెక్కి ఆస్ట్రేలియా చేరింది. అక్కడి వలసవాసులకు పొడుగు ముట్టెతో మన్ను తవ్వే, ఎలుకను పోలిన ఒక చిన్న జంతువు కనిపించింది. భారతదేశం ద్వారా తెలిసిన పేరును వారు దానికి తగిలించారు. నిజానికి ఈ రెండు జంతువులకూ దగ్గరి చుట్టరికం లేదు. మన పందికొక్కు కొరికే పళ్లున్న మూషికవర్గ జీవి. ఆస్ట్రేలియా బ్యాండికూట్ కంగారూలా పిల్లను పొట్టసంచిలో పెంచే క్షీరదం. పురుగులు, దుంపలు, శిలీంధ్రాలు తింటుంది. మన్ను తవ్వేటప్పుడు పిల్లల మీద పడకుండా దాని సంచి వెనుకవైపు తెరుచుకుంటుంది. శాస్త్రంలో ఇది ‘పెరామెలిమార్ఫియా’ అనే క్రమానికి చెందింది.

భాషాశాస్త్ర పరిభాషలో మొదట దీన్ని అర్థవ్యాకోచం అనవచ్చు. కాని క్రమంగా కొత్త అర్థమే ప్రధానార్థమైంది. నేడు ఆంగ్లంలో విశేషణం లేకుండా ‘బ్యాండికూట్’ అంటే ఎక్కువగా ఆస్ట్రేలియా జంతువే. అసలు హక్కుదారైన మన జంతువును సూచించడానికి ‘బ్యాండికూట్ ర్యాట్’ అనవలసి వచ్చింది. తెలుగులోకి విప్పితే అది ‘పందికొక్కు ఎలుక’. మూలం మరుగున పడినప్పుడే ఇటువంటి పునరుక్తి పుడుతుంది. ఇంతకంటే విచిత్రమైనది ‘పిగ్-ఫుటెడ్ బ్యాండికూట్’. ఇరవయ్యవ శతాబ్దంలో అంతరించిపోయిన ఈ ఆస్ట్రేలియా జంతువు ముందుకాళ్లు పంది గిట్టల వలె ఉండేవి. ఆ పేరును విప్పితే ‘పందికాళ్ల పందికొక్కు’. పేరు పెట్టినవారికి ‘బ్యాండి’లో పంది ఉన్నదని తెలిస్తే ఆ పేరు పెట్టేవారా?

ఈ ప్రయాణంలో మరొక కోణాన్ని విస్మరించకూడదు. ఆ జంతువులకు అక్కడి ఆదివాసుల భాషలలో వేరే పేర్లున్నాయి. నైరుతి ఆస్ట్రేలియాలోని నూంగార్ ప్రజలు ఒక జాతిని ‘క్వెండా’ అంటారు. వలసవాసుల ఆంగ్లం ఆ పేర్లను చాలాకాలం పక్కకు నెట్టింది. ఆ నెట్టడానికి వాడిన మాట మన మాట. ‘తెలుగు పదం ఖండాంతరాలు దాటింది’ అని మురిసేటప్పుడు అది సామ్రాజ్యపు ఓడలో ప్రయాణించిందన్న సంగతిని కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు ఆస్ట్రేలియాలో ‘క్వెండా’ వంటి స్థానిక నామాలు తిరిగి వాడుకలోకి వస్తున్నాయి. మన పదం అక్కడ కొంత వెనక్కి తగ్గితే మనం చిన్నబుచ్చుకోనక్కరలేదు.

7. నిందార్థం – రెండు దేశాల ఒకే చూపు:

తెలుగులో ‘పందికొక్కు’ తిట్టుగా స్థిరపడింది. అతిగా తినేవాణ్ణి, కూర్చుని మేసేవాణ్ణి, ప్రజాధనాన్ని లోలోపల తొలిచే అధికారిని పందికొక్కుతో పోలుస్తారు. ఒకవైపు ‘కొక్కుఱౌతు’లో దేవుని వాహనం, మరొకవైపు తిట్టు. ఒకే పదకుటుంబంలో ఉత్కర్ష, అపకర్ష రెండూ ఉన్నాయి.

ఆస్ట్రేలియా ఆంగ్లంలో ‘బ్యాండికూట్’ క్రియగా కూడా మారింది. పైన ఆకులు, కాడలు చెదరకుండా కింద నుంచి బంగాళాదుంపలను తవ్వి దొంగిలించడం దాని అర్థం. జంతువు మారింది, ఖండం మారింది. పైకి కనిపించకుండా కింద నుంచి తొలిచి దోచుకోవడమనే భావం మాత్రం రెండు చోట్లా పుట్టింది. ఇది తెలుగు నుంచి వెళ్లిన అర్థం కాదు. అక్కడి అనుభవం నుంచి స్వతంత్రంగా పుట్టింది. రైతు ఎక్కడున్నా తన పంటను తొలిచే జీవిని ఒకే కంటితో చూస్తాడనడానికి ఇది నిదర్శనం.

8. తిరుగు ప్రయాణం – తెలుగులో ‘బ్యాండికూట్’:

ఇప్పుడు పదం మళ్లీ ఇంటికి వస్తున్నది. కేరళకు చెందిన జెన్‌రోబోటిక్స్ సంస్థ మురుగుకాలువల మ్యాన్‌హోళ్లను శుభ్రం చేసే యంత్రాన్ని రూపొందించి, దానికి ‘బ్యాండికూట్’ అని పేరు పెట్టింది. 2018లో తిరువనంతపురంలో దాన్ని తొలిసారి వినియోగంలోకి తెచ్చారు. మలయాళంలో ఆ జంతువుకు సొంత పేరున్నా, యంత్రానికి ఆంగ్లనామమే ఎంచుకున్నారు. అలా ఆ పేరుతో ఒక తెలుగు మాట మలయాళీల యంత్రం మీదికి ఎక్కింది. మనిషిని మురుగుగుంటలోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించినా చావులు ఆగని దేశంలో, మనిషికి బదులుగా దిగే యంత్రానికి మన పొలం గట్టు జంతువు పేరు దక్కడం ఆ పదం చరిత్రలో గౌరవప్రదమైన ఘట్టం. తిట్టుగా మిగిలిన మాట ఒక ప్రాణరక్షక సాధనానికి పేరైంది. కాని తెలుగు వార్తలలో అది ‘బ్యాండికూట్ రోబో’గానే కనిపిస్తుంది. ‘పందికొక్కు’, ‘బ్యాండికూట్’లను పోల్చితే రూపంలో మిగిలినవి నడిమి సున్న, ఇకారం, ఒక్క కకారం మాత్రమే. అందువల్ల పాఠకుడు గుర్తుపట్టకపోవడంలో అతని తప్పు లేదు. గుర్తుచేయవలసిన బాధ్యత రాసేవారిది.

అనువాదంలో చిక్కు దీనికంటే పెద్దది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ‘ఈస్టర్న్ బార్డ్ బ్యాండికూట్’ ఒకప్పుడు అడవిలో అంతరించినట్లు లెక్కించబడింది. దశాబ్దాల సంరక్షణ తరువాత 2021లో దాని స్థితిని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి స్థాయికి మెరుగుపరచారు. ఈ వార్తను నిఘంటువు చూసి అనువదించే వ్యక్తి ‘పందికొక్కుల పరిరక్షణలో విజయం’ అని రాస్తే ఏమవుతుంది? జింకు ఫాస్ఫైడు ఎర పెట్టి పంటను కాపాడుకుంటున్న రైతు నవ్వుకుంటాడు, లేదా కోప్పడతాడు. వ్యుత్పత్తి ప్రకారం ఆ అనువాదం సరైనదే. అర్థం ప్రకారం పూర్తిగా తప్పు. పదం పుట్టుక తెలిసినంత మాత్రాన దాని నేటి అర్థం తెలిసినట్టు కాదన్న సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

దీనికి పరిష్కారంగా ‘సంచికొక్కు’ వంటి కొత్త సమాసాన్ని కల్పించవచ్చునన్న ఆలోచన రావచ్చు. అది వినసొంపుగా ఉన్నా నేను అంగీకరించలేను. ఆస్ట్రేలియా జంతువు కొక్కు కాదు. దాన్ని కొక్కు అనడం వలసవాసులు రెండు శతాబ్దాల కింద చేసిన పొరపాటును తెలుగులో మళ్లీ చేయడమే అవుతుంది. అందువల్ల పాఠ్యగ్రంథాలకు, అనువాదకులకు ఈ పద్ధతిని సూచిస్తున్నాను.

1. భారతీయ మూషికవర్గ జీవులకు ‘పందికొక్కు’ మాత్రమే వాడాలి. రెండు జాతులను ‘పెద్ద పందికొక్కు’, ‘చిన్న పందికొక్కు’ అని వేరుచేయాలి. ఆంగ్లంలో ‘బ్యాండికూట్ ర్యాట్’ అని ఉన్నచోట ‘బ్యాండికూట్ ఎలుక’ అని రాయరాదు.
2. ఆస్ట్రేలియా జీవులకు ‘బ్యాండికూట్’ అనే తిరిగివచ్చిన రూపాన్నే నిలుపుకోవాలి. రూపభేదమే ఇక్కడ అర్థభేదానికి గుర్తుగా పనికివస్తుంది.
3. ‘బాండికోటా’ ప్రజాతిని పరిచయం చేసే ప్రతి తెలుగు పాఠంలో అది ‘పందికొక్కు’ నుంచి ఏర్పడిందని ఒక్క వాక్యమైనా చేర్చాలి. ‘బంగారస్’ విషయంలోనూ అంతే.

ఒకే పేరుకు రెండు వస్తువులుంటే విశేషణంతో వేరుచేసుకోవడం మన జనానికి కొత్త కాదు. మెదక్ జిల్లాలోనే రెండు శంకరంపేటలున్నాయి. ప్రభుత్వ పత్రాలు వాటిని ‘శంకరంపేట (ఏ)’, ‘శంకరంపేట (ఆర్)’ అని ఆంగ్లాక్షరాలతో గుర్తిస్తాయి. జనం ‘పెద్ద శంకరంపేట’, ‘చిన్న శంకరంపేట’ అంటారు. బస్సు ఎక్కేవారెవరూ పొరబడరు. పరిభాష నిర్మాతలకు కావలసిన సూత్రం జనం నోట్లోనే ఉంది.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. ‘బ్యాండికూట్’కు తెలుగు ‘పందికొక్కు’ మూలమన్నది పొరుగు భాషల పేర్లతో, ముఖ్యంగా ‘కొక్కు’ అనే పదానికి తమిళంలో ఉన్న భిన్నార్థంతో బలపడుతున్నది. వర్ణక్రమంలోని మార్పులకు ధ్వనిసూత్రాలు కొంతవరకే కారణం. ‘బ్యాండీ’, ‘కూట్’ అనే పరిచిత పదాల ఆకర్షణ మిగిలిన మార్పులను వివరించగలదు. నిఘంటువులు ఇచ్చే ‘పంది-ఎలుక’ అనే అర్థం ఎలుక–కొక్కు భేదాన్ని చెరిపివేస్తున్నది. ‘బెండిగో’కు ఈ పదం మూలమన్న వాదం నిలవదు. ఆస్ట్రేలియాలో పదం పొందిన కొత్త అర్థాన్ని తెలుగులో ‘పందికొక్కు’గా అనువదించడం దోషం.

భాష గొప్పదనాన్ని చాటడానికి మనం తరచుగా ప్రబంధాల వైపు, శాసనాల వైపు చూస్తాం. తెలుగు మాటల్లో ప్రపంచ శాస్త్రపరిభాషలో నిస్సందేహంగా నిలిచిన ఈ మాట మాత్రం కవులది కాదు. అది పొలంలో, గరిసె దగ్గర, బొరియ ముందు పనిచేసినవారిది. వారి పరిశీలనను శాస్త్రం స్వీకరించింది. ఆ సంగతిని వారి పిల్లలకు తరగతిగదిలో తెలియజేయవలసిన పని మనకు మిగిలింది.